ఒక్క ఇంటినైనా నిదానంగా చూడండి

అమ్మడూ,

అమ్మా నాన్నా అక్టోబరు నెలాఖరుకి నగోయా వస్తున్నారని నువ్వు రాసిన మెసేజి చదివి నాకూ, మీ పెద్దనాన్నకీ చాలా సంతోషమైంది. షిరకావాగో వైపు కొండ ఊళ్ళు వాళ్ళకి చూపించాలని ఉందనీ, కారు అద్దెకి తీసుకోవాలో, గైడు ఉండే టూరు బస్సెక్కాలో తేలడం లేదనీ రాశావు. బస్సే ఎక్కు. ఇందులో నాకు సందేహమేమీ లేదు. కాకపోతే ఏ బస్సు ఎక్కాలి, దిగాక ఏం చూడాలి అన్నది కాస్త స్థిమితంగా కూచుని ఆలోచించుకోవాల్సిన విషయం. మీ అన్నయ్య అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో మేం ఆ లోయలన్నీ తిరిగాం కాబట్టి నాకు తోచినవి నీకు రాస్తున్నాను. కొంచెం పొడుగు ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

షిరకావాగోకి రైలు లేదు. షో నది లోయలో నాలుగు వైపులా కొండలు కమ్ముకున్న చోటది. ఒకప్పుడు మంచు పడితే నెలల తరబడి రాకపోకలే ఉండేవి కావు. నగోయా నుంచి ఉత్తరానికి వెళ్ళే తోకై-హొకురికు ఎక్స్‌ప్రెస్‌వే మొదటి నుంచి చివరి దాకా కలిసింది 2008లోనే. ఆఖరుకి మిగిలింది హిదా సొరంగం, 10.7 కిలోమీటర్లు. ఆ కొండ లోపలి నీళ్ళూ, పెళుసు రాయీ తవ్వేవాళ్ళని ఏళ్ళ తరబడి ఏడిపించాయి. ఇప్పుడు బస్సు దాన్ని పది నిమిషాల్లో దాటేస్తుంది. నగోయాలో పొద్దున్నే బయల్దేరితే రెండున్నర, మూడు గంటల్లో ఊళ్ళో ఉంటారు.

కారెందుకు వద్దంటున్నానంటే, మీరు వెళ్ళేది ఆకులు ఎర్రబడే రోజుల్లో. ఊరి ముందు పార్కింగు కోసం కార్లు బారులు తీరి ఉంటాయి. పైగా స్టీరింగు నీ చేతిలో ఉంటే నీ కళ్ళు రోడ్డు మీదే ఉండాలి, అమ్మ అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పే తీరిక నీకుండదు. బస్సులో అయితే ముగ్గురూ కిటికీ పక్కన కూచుని కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళొచ్చు. దారిలో హిరుగానో పీఠభూమి దగ్గర చాలా బస్సులు ఓ పదిహేను నిమిషాలు ఆగుతాయి. ఆ చుట్టుపక్కలే జపాన్ ఎక్స్‌ప్రెస్‌వేలన్నిట్లోకీ ఎత్తైన చోటు ఉంది, సముద్ర మట్టానికి 1,085 మీటర్లు. హిరుగానోలో పడిన వాన ఒక పక్కకి జారితే నగారా నదిలో కలిసి పసిఫిక్ మహాసముద్రానికి పోతుంది, రెండో పక్కకి జారితే షో నదిలో కలిసి జపాన్ సముద్రానికి పోతుంది. నాన్నగారికి చెప్పు, ఆయన ఇలాంటివి విని మురిసిపోతారు.

ఇక ఏ టూరు అన్న మాట. ఆ కంపెనీల ప్రకటనలన్నిట్లోనూ ఊళ్ళ పేర్లు వరసగా ఉంటాయి: షిరకావాగో, తకయామా, ఓ జలపాతం, ఓ పండ్ల తోట, మధ్యాహ్నం హిదా బీఫ్ భోజనం, వచ్చేటప్పుడు ఓ షాపింగ్ మాల్. అన్నీ ఒక్క రోజులోనే. ఎన్ని చోట్ల ఆపుతారో లెక్కపెట్టకు. ఒక్కో చోట ఎంతసేపు వదిలిపెడతారో అది చూడు. షిరకావాగోలో నలభై నిమిషాలు ఇచ్చే టూరులో నడిచి వంతెన దాటి, ఫొటో తీసుకుని, ఐస్‌క్రీమ్ కొనుక్కుని వెనక్కి రావడమే సరిపోతుంది. కనీసం రెండు గంటలు ఇచ్చేది వెతుకు. మూడు గంటలైతే మరీ మంచిది. ఒక పూట షిరకావాగో, ఒక పూట తకయామా, అంతకు మించి మూడో పేరు లేని టూరు దొరికితే కళ్ళు మూసుకుని తీసుకో.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, అక్కడ చూడాల్సింది దూరం నుంచి కనిపించే అందం ఒక్కటే కాదు. ఆ అందాన్ని నిలబెట్టి ఉంచిన చాకిరీ ఉంది, అది ఏదైనా ఒక ఇంటి లోపలికి వెళ్ళి, పైకెక్కి, నిదానంగా చూస్తే తప్ప కనిపించదు. మీ రోజంతా కలిపి ఒక్క ఇల్లు బాగా చూడగలిగితే ఆ టూరు డబ్బు గిట్టుబాటయినట్టే.

గైడు సంగతి చెప్తాను. జపాన్‌లో బస్సు గైడులకి ఓ సంప్రదాయం ఉంది. మైకు పట్టుకుని ముందు నిలబడి, ఊరు ఊరికీ కథ చెప్తారు, కొందరు పాట కూడా పాడతారు. ఇంగ్లీషు గైడు ఉన్న టూరు దొరికితే అమ్మకీ నాన్నకీ సులువే. కానీ దొరకలేదని మానుకోకు. నీకు జపనీసు వచ్చు, ముందు సీట్లు అడుగు, గైడు చెప్పింది చెప్పినట్టు అమ్మ చెవిలో తెలుగులో చెప్తూ ఉండు. మేం వెళ్ళినప్పుడు మీ అన్నయ్య చేసింది అదే. నాకు ఆ లోయ గురించి తెలిసినదాంట్లో సగం అలా విన్నదే.

అలా విన్నవాటిలో ఒకటి నువ్వు బయల్దేరక ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే ఎక్స్‌ప్రెస్‌వే మీద పోయే బస్సు అది జరిగిన చోటికి పోదు. షిరకావాగోకి ఎగువన అదే షో నది మీద మిబొరో అని ఓ పెద్ద ఆనకట్ట ఉంది, 131 మీటర్ల ఎత్తు, 1961లో పూర్తయింది. దాని వెనక వందల కుటుంబాల ఇళ్ళూ, పొలాలూ మునిగిపోయాయి. ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి వద్దని పోరాడారు. ఆ ఆనకట్ట కట్టిన విద్యుత్ సంస్థకి మొదటి అధ్యక్షుడు తకసకి తత్సునొసుకె. ఆయన మునిగిపోబోయే ఊరిని చూడ్డానికొచ్చి, గుడి ఆవరణలో నాలుగొందల ఏళ్ళ నాటి చెర్రీ చెట్టు చూసి, దీన్నయినా కాపాడాలన్నాడు. అంత ముసలి చెర్రీ చెట్టుని పెకలించి మళ్ళీ నాటితే బతకదని తెలిసినవాళ్ళంతా అన్నారు. అయినా 1960 చివర్లో రెండు గుళ్ళ నుంచి రెండు చెట్లని, ఒక్కోటి నలభై టన్నుల దాకా బరువున్నవాటిని, వేళ్ళతో సహా తవ్వి, కొండ వాలు మీదుగా పైకి లాగి, నీళ్ళు రాని ఎత్తులో నాటారు. అవి బతికాయి. ఇప్పటికీ పూస్తున్నాయి, షోకవా చెర్రీలంటారు వాటిని.

ఆ చెట్లు మొదటిసారి పూసినప్పుడు ఊరు పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి మాను పట్టుకుని ఏడ్చారట. ఆ దారిలో నగోయా నుంచి కనజావాకి ఓ ప్రభుత్వ బస్సు నడిచేది, 266 కిలోమీటర్లు. అందులో కండక్టరు సతో ర్యోజి. ఆయన ఆ దృశ్యం చూసి, తన బస్సు నడిచే దారి పొడుగునా చెర్రీ మొక్కలు నాటాలనుకున్నాడు. 1966 నుంచి డ్యూటీ లేని వేళల్లో, తన జీతం డబ్బులతో, నాటుతూ పోయాడు. రెండు వేల దాకా నాటాడు. 1977లో 47 ఏళ్ళకే జబ్బు చేసి పోయాడు. ఆయన మీద సినిమా తీశారు, ఆయన జ్ఞాపకార్థం ఆ దారిలో పరుగు పందెం పెట్టారు. ఓ బస్సు కండక్టరు చేసిన పని అది. శ్రీశైలం రిజర్వాయరు కింద ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళ సంగతి మనకి తెలుసు కదా. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్ళీ కట్టినప్పుడు కూడా మనవాళ్ళు అలాగే వెళ్ళి చూసి వచ్చారు. అందుకే ఈ కథ నాకు అంత దగ్గరగా అనిపించింది. మళ్ళీ ఏప్రిల్ చివర్లో నీకు తీరిక దొరికితే పాత రోడ్డు, 156 నంబరు జాతీయ రహదారి మీదుగా వెళ్ళే బస్సు చూసుకుని ఆ చెట్లు చూడు. అప్పుడే అవి పూతకొస్తాయి.

సరే, ఊళ్ళోకి వద్దాం. షిరకావాగోలో మీరు చూడబోయే పల్లె పేరు ఒగిమాచి. దీన్నీ, పక్క జిల్లాలో గోకయామాకి చెందిన ఐనొకురా, సుగనుమా అనే రెండు చిన్న పల్లెల్నీ కలిపి 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. బస్సు దిగగానే అందరూ కొండ మీది వ్యూపాయింటుకి పరిగెడతారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి నడవనివ్వకు, పల్లె మధ్య నుంచి షటిల్ బస్సు ఉంటుంది, దాంట్లో ఎక్కించు. పైనుంచి చూస్తే ఒకటి గమనించమను: ఇళ్ళ కప్పుల అంచులన్నీ దాదాపు ఒకే దిక్కుకి, ఉత్తర దక్షిణాలకి తిరిగి ఉంటాయి. లోయలో గాలి ఆ దిక్కునే వీస్తుంది, ఇంటి వెడల్పుకి తగలకుండా సన్నని పక్కకి తగులుతుంది. పైగా తూర్పు వాలుకి పొద్దుటెండ, పడమటి వాలుకి సాయంత్రపుటెండ పడి రెండు వైపులా మంచు సమానంగా కరుగుతుంది, గడ్డి సమానంగా ఆరుతుంది. ఫొటో తీసుకునే ముందు రెండు నిమిషాలు ఇది చూస్తే చాలు, ఆ ఊరు కట్టినవాళ్ళ తెలివి అర్థమవుతుంది.

తర్వాత కిందికి దిగి ఒక ఇల్లు ఎంచుకోండి. వాదా వాళ్ళ ఇల్లు అన్నిటికంటే పెద్దది, జనం కూడా అక్కడే ఎక్కువ. కందా వాళ్ళ ఇల్లు కాస్త లోపలికి ఉంటుంది, నాకు అదే నచ్చింది. టికెట్టు కొద్ది వందల యెన్‌లు, అంతే. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళగానే నేల మధ్య చతురస్రంగా గుంట తీసి పెట్టిన పొయ్యి కనిపిస్తుంది, ఇరోరి అంటారు. అక్కడ కూచోండి. కళ్ళు మండుతాయి, లేవకండి. ఆ పొగే ఆ ఇంటికి మందు. పొగ పైకి లేచి అటకల పలకల సందుల్లోంచి కప్పు దాకా వెళ్ళి గడ్డిని ఆరబెడుతుంది, పురుగు పట్టకుండా చూస్తుంది, కట్టిన తాళ్ళని గట్టిపరుస్తుంది. పొయ్యి ఆరిపోయిన ఇంటికి కప్పు త్వరగా పాడవుతుందని అక్కడివాళ్ళు చెప్తారు.

అప్పుడు మెట్లెక్కి పైకి వెళ్ళండి. అమ్మని నెమ్మదిగా ఎక్కించు, మెట్లు నిటారుగా ఉంటాయి. పై అంతస్తులో తలెత్తి చూస్తే ఆ ఇంటి ఎముకలన్నీ కనిపిస్తాయి. వాసాలు చేతులు జోడించినట్టు పైన కలుసుకుంటాయి, వాలు దాదాపు 60 డిగ్రీలు. గస్షో ఇళ్ళన్న పేరు అందుకే. ఆ పై భాగంలో మేకు ఒక్కటి ఉండదు. వాసానికీ అడ్డకర్రకీ మధ్య వరి గడ్డి తాళ్ళూ, నెసో అనే చెట్టు పచ్చి కొమ్మలూ మెలితిప్పి కట్టి ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు కడతారు, ఎండిన కొద్దీ అది బిగుసుకుంటుంది. మెలి దగ్గర కొమ్మ బెరడు చీలి, పీచు పైకి లేచి ఉంటుంది. ఏళ్ళ మసి పట్టి తారు పూసినట్టు నిగనిగలాడుతుంది. వాసం కింది కొసని పెన్సిలు చెక్కినట్టు చెక్కి దూలంలో తవ్విన గుంటలో నిలబెడతారు, దాన్ని కదలకుండా బిగించరు. గాలొచ్చినా, రెండు మీటర్ల మంచు మీద కూచున్నా, కప్పంతా కొద్దిగా ఊగి మళ్ళీ సర్దుకుంటుంది. జర్మనీ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ 1935లో ఈ ఇళ్ళు చూసి, ఇంత హేతుబద్ధమైన కట్టడాలు జపాన్‌లో అరుదని మెచ్చుకున్నాకే బయటివాళ్ళ దృష్టి వీటి మీద పడింది. దాని కంటే ముందు వందల ఏళ్ళ నుంచీ రైతులు ఆ మెలి అలాగే వేస్తున్నారు.

అన్ని అంతస్తుల అటకలు దేనికంటావా? పట్టుపురుగులకి. ఆ లోయలో వరి పండే నేల తక్కువ. మల్బరీ పెంచి, పై అంతస్తుల్లో పట్టుపురుగులు పెంచి, పట్టు అమ్ముకుని తిండి గింజలు తెచ్చుకునేవాళ్ళు. కింది పొయ్యి వేడి పురుగులకి కూడా పనికొచ్చేది. మన పట్టు రైతుల కష్టం నీకు తెలుసు, అమ్మకి ఈ మాట చెప్తే వెంటనే అర్థమవుతుంది.

నాన్నగారికి మాత్రం నేల కింద సంగతి చెప్పు. కెమిస్ట్రీ చెప్పిన మనిషి, వదలరు. పొయ్యి పక్కన నేల కింద గొయ్యి తీసి, మట్టీ, గడ్డీ గాదమూ, పట్టుపురుగుల పెంటా పొరలు పొరలుగా వేసి, ఏళ్ళ తరబడి మాగబెట్టి, ఆ మట్టిని కడిగి, కాచి సురేకారం తీసేవాళ్ళు. తుపాకి మందుకి కావలసిన ముఖ్యమైన సరుకు అది. గోకయామాలో చేసిన సురేకారం కగా రాజ్యపు మయెదా ప్రభువులకి పోయేది. కొండల్లో, బయటివాళ్ళ కంట పడని చోట చేయించుకోవడమే వాళ్ళకి కావలసింది. పైన పట్టు, కింద తుపాకి మందు, మధ్యలో కుటుంబం వండుకు తినే పొయ్యి. ఒక్క ఇంట్లో ఇన్ని పనులు.

ఇంటి పైకప్పు గడ్డి ముప్పై నలభై ఏళ్ళకోసారి మార్చాలి. మన రెల్లు లాంటి పొడుగు గడ్డి అది. ముందు ఏడాదే కోసి ఆరబెట్టి పెట్టుకుంటారు. ఒక ఇంటివాళ్ళకి అది సాధ్యమయ్యే పని కాదు. ఊరంతా, వందమందికి పైగా, ఒక్కోసారి రెండొందల మంది దాకా కప్పు మీదికెక్కి ఒకటి రెండు రోజుల్లో ఒక వాలు కప్పేస్తారు. ఆడవాళ్ళు అందరికీ వండుతారు. ఎవరెవరు ఎవరింటికి ఎన్ని రోజులు వచ్చారో, ఎంత గడ్డి ఇచ్చారో పుస్తకాల్లో రాసిపెట్టుకునేవాళ్ళు, వాళ్ళ వంతొచ్చినప్పుడు తీర్చేవాళ్ళు. యూయి అంటారు దాన్ని. మన పల్లెల్లో నాట్లప్పుడు బదులు పనికి పోయినట్టే. ఇప్పుడు పల్లెలో పనిచేసే వయసువాళ్ళు తగ్గారు, చాలా కప్పులు ప్రభుత్వ సాయంతో పనివాళ్ళే వేస్తున్నారు, కొన్నిటికి మాత్రం ఊరివాళ్ళే కలిసి వేస్తారు. వీటిని కాపాడుకోవాలని ఊరివాళ్ళు 1971లోనే మాట అనుకున్నారు: ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, కూలగొట్టకూడదు. యునెస్కో వచ్చింది దానికి ఇరవై నాలుగేళ్ళ తర్వాత. ముందు ఊరు పట్టుబట్టింది, పేరు ఆ తర్వాత వచ్చింది. ఈ వరస నువ్వు అమ్మా నాన్నలకి తప్పకుండా చెప్పాలి.

అక్కడ అన్నిటికంటే భయం నిప్పంటే. గడ్డి కప్పులు ఒకదాని పక్కన ఒకటి, ఒక రవ్వ చాలు. అందుకే పల్లెంతా నీళ్ళ గొట్టాలున్నాయి, వాటి మీద ఇళ్ళ బొమ్మల్లాంటి చిన్న గూళ్ళు కట్టారు. ఏటా శరదృతువు చివర ఒక రోజు అన్నీ ఒకేసారి తెరిచి పరీక్షిస్తారు, ఊరంతా నీళ్ళ ఫౌంటెన్ అవుతుంది. నాన్నగారు సిగరెట్టు మానేశారనుకో, అయినా చెప్తున్నా, వీధిలో పొగ తాగడం నిషేధం. డ్రోన్లు కూడా ఎగరేయనివ్వరు.

ఇప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్తాను, నొచ్చుకోకు. ఆ గ్రామ పంచాయతీ మొత్తం జనాభా పదిహేను వందల చిల్లర. ఏడాదికి వచ్చే యాత్రికులు పదిహేను లక్షలు దాటారు. ఆ ఇళ్ళలో నిజంగా మనుషులు కాపురముంటున్నారు, పిల్లలు బడికి పోతున్నారు, ముసలివాళ్ళు మధ్యాహ్నం కునుకు తీస్తారు. టికెట్టు బల్ల లేని ఇల్లంటే ఎవరిదో సొంతిల్లు. అలాంటి ఇంటి వాకిట్లోకి పోవద్దు, కిటికీలోంచి తొంగి చూడొద్దు, ఆరేసిన బట్టలు ఫొటో తీయొద్దు, గట్టు దిగి పొలంలో కాలు పెట్టొద్దు. మన వాకిట్లోకి బస్సులకి బస్సులు జనం దిగి మన వంటింట్లోకి కెమెరా పెడితే ఊరుకుంటామా? అక్కడ చెత్త బుట్టలు ఉండవు. తిన్న కాగితం, తాగిన సీసా సంచిలో పెట్టుకుని నగోయా తెచ్చుకోవాలి. ఓ ఖాళీ కవరు నీ బ్యాగులో వేసుకో. చెట్ల మధ్యకి దారి వదిలి వెళ్ళకండి, ఆ కొండల్లో ఎలుగుబంట్లున్నాయి, శరదృతువులో తిండికోసం ఊళ్ళ దాకా వస్తాయి.

బస్సు ఎవరి కోసమూ ఆగదు, ఇది మాత్రం అమ్మకీ నాన్నకీ బయల్దేరే ముందే చెప్పు. గైడు పదకొండూ యాభై అంటే పదకొండూ నలభై అయిదుకి సీట్లో ఉండాలి. ఒక్క మనిషి కోసం నలభై మంది ఎదురుచూస్తే ఆ రోజంతా మనకే మనసు బాగుండదు. దిగిన చోటు, బస్సు నంబరు ఫొటో తీసుకోమను, అక్కడ ఒకేలా ఉండే బస్సులు ఇరవై ఉంటాయి. బూట్లు తాళ్ళు కట్టేవి వద్దు, ఇళ్ళలోకీ, గుళ్ళలోకీ వెళ్ళేటప్పుడు విప్పాలి, వేసుకోవాలి. మందపాటి మేజోళ్ళు తప్పనిసరి. చెక్క నేల అక్టోబరు చివర్లోనే గడ్డకట్టినట్టు ఉంటుంది. పొద్దు కూడా త్వరగా వాలిపోతుంది, అయిదింటికే చీకటి పడుతుంది.

తిండి సంగతి అమ్మకి పెద్ద బెంగ అని నాకు తెలుసు. టూరు భోజనంలో హిదా బీఫ్ ఉంటుంది, మీకు పనికిరాదు. బుక్ చేసేటప్పుడే భోజనం లేని టికెట్టు అడుగు, లేదా మార్చి పెట్టగలరేమో రాసి అడుగు. అక్కడికి వెళ్ళాక చెప్తే ఏమీ చేయలేరు. శాకాహారమని చెప్పినా సూపుల్లో, సోబా పులుసులో చేప నుంచి తీసిన దాషి కలుస్తుంది. వాళ్ళకి అది మాంసం కింద లెక్క కాదు, కాబట్టి దాషి ఉందా అని విడిగా అడగాలి. పొద్దున్నే పులిహోర చేసి డబ్బాల్లో పెట్టుకోండి, బస్సాగిన చోట బల్లల మీద కూచుని తినొచ్చు. పల్లెలో గొహెయ్ మోచి తినిపించు. దంచిన అన్నం పుల్లకి అద్ది, అక్రోటు, మిసో ముద్ద రాసి నిప్పుల మీద కాలుస్తారు. మిసోలో చేప వేశారా అని ఒక్క మాట అడిగి కొను, చాలా చోట్ల వేయరు. మీ అమ్మకి తప్పకుండా నచ్చుతుంది.

తకయామా గురించి ఎక్కువ రాయను, దాని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పాత వర్తకుల వీధులు అందంగానే ఉంటాయి, మధ్యాహ్నం తిరునాళ్ళలా ఉంటాయి. నది ఒడ్డున ఉదయపు అంగడి మధ్యాహ్నానికి ఎత్తేస్తారు, రెండు గంటలకి చేరే టూరులో అది కనిపించదని ముందే తెలుసుకో. అక్కడ నీకు ఒకే గంట ఉంటే జిన్యాకి వెళ్ళండి. 1692 నుంచి షోగున్‌లు హిదా అనే ఈ కొండ ప్రాంతాన్ని నేరుగా పాలించారు, ఆ అధికారుల కచేరీ అది. అలాంటి కచేరీ భవనం ఇప్పటికి మిగిలింది అదొక్కటే. పన్నుగా వచ్చిన ధాన్యం దాచిన కొట్టాలు కూడా అలాగే ఉన్నాయి. ఈ హిదా వాళ్ళు వెయ్యేళ్ళ కిందట పన్ను కట్టే బదులు వడ్రంగుల్ని రాజధానికి పంపేవాళ్ళు. చెట్టు తప్ప మరో ఆస్తి లేని చోట పన్ను అలా కట్టేవాళ్ళు.

ఒక రాత్రి ఉండగలిగితే మాత్రం, అమ్మడూ, నా మాట విని గోకయామా వెళ్ళు. శుక్రవారం సెలవు దొరికితే సాధ్యమే. తకఓకా స్టేషను నుంచి ప్రపంచ వారసత్వ బస్సు అని ఒకటి ఈ మూడు పల్లెల మీదుగా షిరకావాగో దాకా నడుస్తుంది. ఐనొకురాలో ఉన్నవి ఇరవై గస్షో ఇళ్ళు, సుగనుమాలో తొమ్మిది. ఒగిమాచికి వచ్చే జనంలో పదో వంతు కూడా అక్కడికి రారనిపించింది నాకు. కొన్ని ఇళ్ళలో రాత్రి బస ఇస్తారు. పొయ్యి చుట్టూ కూచోబెట్టి వడ్డిస్తారు. అక్కడి టోఫు తాడుతో కట్టి మోసుకెళ్ళేంత గట్టిగా ఉంటుంది. కగా రాజ్యం గోకయామాని నేరస్తుల్ని పంపే చోటుగా వాడుకుంది. పారిపోకుండా నది మీద వంతెనే కట్టనివ్వలేదు, తాటి మీద వేలాడే బుట్టలో కూచుని దాటేవాళ్ళు. ఇక్కడి కొకిరికో పాట జపాన్‌లో చాలా పాతదని పేరు. దాన్ని పాడేటప్పుడు ససరా అని ఓ వాయిద్యం వాడతారు, 108 చెక్క పలకల్ని తాడుకి గుచ్చి చేసింది. బౌద్ధులు చెప్పే 108 మనోవికారాల లెక్క అది. మన జపమాల పూసల లెక్కా అదే కదా, అమ్మ చేత లెక్కపెట్టించు.

ఫొటోలు తీసుకోవద్దనను. కానీ మీ అమ్మని ప్రతి మలుపులోనూ నిలబెట్టి తీయకు. అది పుట్టినూరు దాటి పెద్దగా తిరిగింది లేదు. పొయ్యి దగ్గర, అటక మీద, దాన్ని దాని తీరున చూడనివ్వు. అడిగినవాటికి ఓపిగ్గా చెప్పు. ఏదైనా కొనాలనుకుంటే పల్లెలోనే కొనండి, మాల్‌లో వద్దు. గోకయామా చేతి కాగితం నాకొక కట్ట తెచ్చి పెట్టు, బరువుండదు.

టికెట్లు మాత్రం ఈ వారంలోనే తియ్యి. ఆకులు ఎర్రబడే శనివారాలకి బస్సులు నెల ముందే నిండిపోతాయి. ఏ టూరు తీసుకున్నావో, షిరకావాగోలో ఎంతసేపు ఇస్తున్నారో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ